అయిదోవాడి గోడు

మీ యింట్లో సినిమా హీరో కోసం అన్నం మానేసే మేనల్లుడు గాని, క్రికెట్టు జట్టును తానే ఎంపిక చెయ్యాలనుకునే బావమరిది గాని వున్నాడా? వుంటే నేను చెప్పబోయేది సగం మీకు తెలిసినట్టే. మిగతా సగం అమెరికాలో జరిగింది. అక్కడి కాలేజీ కుర్రవాళ్ల ఫుట్‌బాలు ఆటలో ఎవరికి ఏ ర్యాంకు యివ్వాలనే విషయం మీద ముగ్గురు మనుషులు నా ఎదుట అయిదు నెలలపాటు వాదించుకున్నారు. ఆ వాదం వింటూ నేను ముప్ఫై యేళ్ల నా వుద్యోగాన్ని తిరిగి ఒకసారి తలుచుకోవలసివచ్చింది. అదెలాగో చెబుతాను.

2023 ఆగస్టులో నేనూ మా ఆవిడా మా అబ్బాయి దగ్గరకు టొలీడో వెళ్లాం. ఓహయో రాష్ట్రానికి ఉత్తరపు అంచున వున్న వూరు. జీపులు తయారుచేసే ఫ్యాక్టరీకి పేరు పొందింది. పక్కనే మిషిగన్ రాష్ట్రం. ఆ వూరు మాదంటే మాదని 1835 లో ఈ రెండు ప్రాంతాలూ సైన్యాలను కూడా పోగుచేసుకున్నాయి. చివరకు వూరు ఓహయోకు దక్కింది. దానికి బదులుగా మిషిగన్‌కు ఎగువనున్న ద్వీపకల్పం యిచ్చారు. తగాదా అంతటితో తీరిపోయిందని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. కాని ఏటా నవంబరు చివర ఒక శనివారం నాడు, ఓహయో స్టేట్, మిషిగన్ విశ్వవిద్యాలయాల ఫుట్‌బాలు జట్లు కలుసుకున్నప్పుడు ఆ దస్త్రం మళ్లీ విప్పుతారు.

పొద్దున్నే నడిచే అలవాటు నాకు ఇంటి దగ్గరినుంచీ వుంది. మా అబ్బాయి యింటికి దగ్గరలో ఒక కాఫీ దుకాణం వుంది. నడిచి వచ్చి అక్కడ కూచునేవాణ్ణి. మూలనున్న బల్ల దగ్గర రోజూ ముగ్గురు చేరేవారు. పేర్లు రాయడం మర్యాద కాదు గనుక వేషాలను బట్టి చెబుతాను. ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయిన పెద్దాయన ఒకాయన. ఎప్పుడూ ఎర్రటోపీ పెట్టుకునేవాడు. ఎరుపు ఓహయో స్టేట్ రంగు. మిషిగన్ వైపునుంచి వచ్చే ఒకావిడ రిటైరయిన నర్సు. ఆవిడ నీలం స్వెట్టరు తప్ప మరొకటి తొడగగా నేను చూడలేదు. మూడో అతను లారీ నడుపుతాడు. పుట్టింది దక్షిణాన అలబామాలో. వాళ్ల కాలేజీ గుర్తు ఏనుగు. అతని చొక్కామీద ఏనుగు లేని రోజు లేదు. నేను లెక్కల లెక్చరర్‌గా పనిచేశానని తెలిసిన రోజునుంచి ముగ్గురూ నన్ను "ప్రొఫెసర్" అని పిలిచి, తగువు తీర్చే పెద్దమనిషిగా కూచోబెట్టారు.

ఈ ఆట మన ఫుట్‌బాలు కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో వుంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. కాలితో తన్నేది బహు తక్కువ. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, పోలేకపోతే బంతి అవతలివాళ్ల పాలు. చివరి గీత దాటించితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. బంతి అందుకుని, ఎవరికి యివ్వాలో రెప్పపాటులో తేల్చి, ఆటంతా నడిపించే కుర్రవాణ్ణి క్వార్టర్‌బాక్ అంటారు. పెళ్లిలో పురోహితుడి లాంటివాడు. అతనికి గొంతు పోయిందంటే పందిరంతా కంగారు పడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు పని వుంది.

మా ఆవిడ ఒక శనివారం టీవీలో రెండు నిముషాలు చూసి, "అంతమంది ఒకడిమీద పడుతుంటే, అడుగున వున్నవాడి తల్లి ఎలా చూస్తుందండీ?" అని లేచిపోయింది. ఆ ప్రశ్నకు మా బల్ల దగ్గర ఎవరూ సమాధానం చెప్పలేదు.

కాలేజీల మధ్య మొదటి ఆట 1869 నవంబరు 6 న రట్గర్స్‌కూ ప్రిన్స్‌టన్‌కూ జరిగింది. రట్గర్స్ ఆరు, ప్రిన్స్‌టన్ నాలుగు. ఆ తరువాత దేశమంతా ఆడడం మొదలుపెట్టింది. మిషిగన్ విశ్వవిద్యాలయం ఆన్ ఆర్బర్‌లో కట్టుకున్న మైదానంలో 1,07,601 మందికి చోటుంది. ఏ కాలేజీ పిల్లల ఆటకైనా మన దేశంలో అంతమంది రావడం నేను వినలేదు. అంత జనం వచ్చే ఆటలో ప్రథముడెవరో తేల్చడం మాత్రం నూట యాభై యేళ్లయినా వాళ్లకు చేతకాలేదు.

ఎందుకు చేతకాలేదో లెక్కల మనిషికి వెంటనే బోధపడుతుంది. 2023 లో పైతరగతిలో ఆడిన కాలేజీలు 133. ఒక్కొక్క జట్టు మిగతా అందరితోనూ ఒక్కొక్కసారి ఆడాలంటే మొత్తం 8,778 ఆటలు జరగాలి. వారానికి ఒక ఆట చొప్పున రెండున్నరేళ్లు పడుతుంది. వాళ్లకు దొరికేది మాత్రం మూడు నెలల కాలం, తలా పన్నెండు ఆటలు. కుర్రవాళ్లందరూ వేర్వేరు ప్రశ్నపత్రాలు రాస్తారు, ఒకడికి సులువు, మరొకడికి కష్టం. చివరకు అందరినీ ఒక్క జాబితాలో నిలబెట్టి ర్యాంకులు వెయ్యమంటారు. ఒకప్పుడు మనం ఎంసెట్టులో ఒక్క పేపరు పెట్టినా తగాదాలు వచ్చేవి; 133 పేపర్లు పెడితే ఏమౌతుందో ఆలోచించండి.

ఆ చిక్కును 1936 నుంచి పత్రికలవాళ్లు నెత్తిన వేసుకున్నారు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థలో క్రీడల సంపాదకుడు ఆలన్ గౌల్డ్, దేశంలోని విలేఖరులచేత వారం వారం ఓట్లు వేయించి ర్యాంకులు ప్రకటించడం మొదలుపెట్టాడు. శనివారానికీ శనివారానికీ మధ్య జనంలో ఆసక్తీ వివాదమూ రేపడమే తన ఉద్దేశమని ఆ తరువాత ఆయనే చెప్పుకున్నాడు. కోరిక నెరవేరిందనే అనాలి. 1950 నుంచి కోచ్‌ల ఓట్లతో మరొక జాబితా వచ్చింది. ఒక్కొక్క యేడు ఒకరు ఒకరినీ, మరొకరు మరొకరినీ ప్రథముడన్నారు. 1990 లో కొలరాడో, జార్జియా టెక్ ఇద్దరూ ప్రథములే. 1997 లో మిషిగన్, నెబ్రాస్కా ఇద్దరూ ప్రథములే. ఒకే మండపంలో ఇద్దరు పెళ్లికొడుకులన్నమాట.

కొంతకాలానికి నాకొక సంగతి తెలిసివచ్చింది. ఈ ముగ్గురిలో ప్రతివాళ్ల దగ్గరా ఒక పాత గాయం వుంది. దాన్ని తేదీతో సహా దాచుకున్నారు.

ఏనుగు చొక్కా గాయం 1966 నాటిది. అప్పటికి అతను పుట్టనే లేదు. తండ్రినుంచి ఆస్తిలాగ సంక్రమించింది. ఆ యేడు నోటర్ డేమ్, మిషిగన్ స్టేట్ జట్లు 10–10 తో సమంగా ఆట ముగించాయి. చివర్లో నోటర్ డేమ్ కోచ్ ఆరా పార్సీగియన్ గెలుపుకోసం తెగించకుండా గడియారం గడిపించాడు. అయినా ఓట్లలో ఆ ఇద్దరికే మొదటి రెండు స్థానాలు. ఆడిన ఆటలన్నీ గెలిచిన అలబామాకు మూడోది. "మా నాన్న చచ్చిపోయేదాకా పార్సీగియన్ పేరు మా యింట్లో ఎత్తనివ్వలేదు" అన్నాడు.

ఎర్రటోపీ గాయం 1969 నాటిది. ఓహయో స్టేట్‌కు వుడీ హేస్ కోచ్. ముక్కోపి. బంతిని విసరడం ఆయనకు గిట్టదు. మూడేసి గజాలు తోసుకుంటూ, దుమ్ము రేపుకుంటూ పోవడమే ఆయన విద్య. ఆయన దగ్గర ఆడి, ఆయన దగ్గరే సహాయకుడిగా పనిచేసిన బో షెంబెక్లర్ ఆ యేడు మిషిగన్‌కు కోచ్‌గా వెళ్లాడు. ఓహయో అప్పటికి వరసగా 22 ఆటలు గెలిచి ప్రథమ స్థానంలో వుంది. శిష్యుడు గురువును 24–12 తో ఓడించాడు. ద్రోణుడి మీద అర్జునుడు బాణం వేసినట్టు నాకు తోచింది గాని, ఎర్రటోపీ ముందు ఆ పోలిక తేలేదు. అక్కడినుంచి 1978 దాకా పదేళ్లు గురుశిష్యులు పోరాడారు. శిష్యుడు అయిదు గెలిచాడు, గురువు నాలుగు. ఒకటి సమం.

సమమైన ఆ ఒక్కటే నీలం స్వెట్టరావిడ గాయం. 1973, నవంబరు 24. ఓహయో పది, మిషిగన్ పది. ఆ యేడు ఇద్దరూ ఎక్కడా ఓడలేదు. ఆ రోజుల్లో వాళ్ల సంఘంనుంచి ఒక్క జట్టే కాలిఫోర్నియాలో జరిగే రోజ్ బౌల్ పండుగ ఆటకు వెళ్లాలి. రెండోవాళ్లు మరెక్కడికీ వెళ్లకూడదు, ఇంట్లో కూచోవాలి. ఎవరు వెళ్లాలో సంఘంలోని కాలేజీల క్రీడాధికారులు ఓటు వేశారు. ఓహయో వెళ్లింది. ఆ ఆటలో మిషిగన్ క్వార్టర్‌బాక్ డెనిస్ ఫ్రాంక్లిన్‌కు కాలర్ ఎముక విరిగింది. ఓటు అలా పడడానికి అదొక కారణమని చెప్పుకున్నారు. షెంబెక్లర్ 2006 లో పోయేదాకా ఆ ఓటును క్షమించలేదు. "విరిగిన ఎముక అతికింది ప్రొఫెసర్, మనసే అతకలేదు" అని ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టింది. అప్పటికి ఆవిడ చదువుకుంటున్న పిల్ల.

కోచ్‌ల సంగతి వచ్చిందంటే ముగ్గురూ ఒక్కసారే మాట్లాడేవారు. ఆ నవంబరులోనే టెక్సస్ ఎ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయం జింబో ఫిషర్ అనే కోచ్‌ను తీసేసింది. ఒప్పందం ప్రకారం ఆయనకు ఇంకా యివ్వవలసిన సొమ్ము సుమారు ఏడున్నర కోట్ల డాలర్లు. రూపాయలు కావు, డాలర్లు. ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ కాసేపు వేళ్లు మడిచి, "పని చెయ్యకుండా వుండడానికా? మీ పెన్షను ఎన్ని జన్మలు కలిపితే అంతవుతుందండీ?" అంది. కోచ్‌లకు యిలా కురుస్తుంటే ఆడే కుర్రవాళ్లకు చాలా కాలంపాటు చదువూ తిండీ బసా తప్ప జీతమంటూ లేదు. తమ పేరు మీద ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చని 2021 లో ఒప్పుకున్నారు. కాలేజీలే నేరుగా డబ్బివ్వడం 2025 లో మొదలైంది. కింద పడినవాడి తల్లిని గురించి అడిగిన మా ఆవిడకు యిది కొంచెం ఊరట.

ఆ శరత్తులో మా బల్ల దగ్గర వేడి మరీ ఎక్కువగా వుంది. ఎదుటి జట్లు మైదానంలో చేసుకునే సైగలను ముందుగా మనుషులను పంపి ఫోన్లలో చిత్రించి తెచ్చారని మిషిగన్ మీద అభియోగం వచ్చింది. కోచ్ జిమ్ హార్బాను చివరి మూడు ఆటలకు మైదానంలోకి రానివ్వలేదు. ఎర్రటోపీ నెల్లాళ్లు ఇదే పురాణం చదివాడు. నవంబరు 25 న హార్బా లేకుండానే మిషిగన్ 30–24 తో ఓహయోను ఓడించింది. మర్నాడు ఆయన కాఫీకి రాలేదు. ఆవిడ మాత్రం ఆయన కుర్చీమీద చెయ్యి వేసుకుని కూచుంది, ఇంకెవరూ కూచోకుండా.

ఇక అసలు సంగతి. విలేఖరులతో, కోచ్‌లతో, కంప్యూటర్లతో విసిగిపోయి 2014 నుంచి కొత్త పద్ధతి పెట్టారు. పదముగ్గురు సభ్యుల కమిటీ టెక్సస్‌లో ఒక హోటల్లో కూచుని నాలుగు జట్లను ఎంపిక చేసేది. తన కాలేజీ ప్రస్తావన వచ్చినప్పుడు సభ్యుడు లేచి బయటికి వెళ్లాలి. ఆ నాలుగింటికీ సెమీఫైనల్, ఫైనల్ పెట్టి విజేతను తేల్చేవారు. బాగానే వుంది గదా! అయిదోవాడు ఒకడుంటాడని మరిచిపోతే బాగానే వుంది.

2023 డిసెంబరు 3, ఆదివారం. ఫ్లారిడా స్టేట్ ఆడిన పదమూడు ఆటలూ గెలిచింది. తన సంఘంలో ఛాంపియన్. మామూలుగా అయితే అడగవలసింది లేదు. కాని నవంబరు 18 న వాళ్ల క్వార్టర్‌బాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. ఆ తరువాత కూడా జట్టు గెలిచింది; ఛాంపియన్‌షిప్ ఆటను మూడో క్వార్టర్‌బాక్‌తో 16–6 గా నెగ్గింది. అటు అలబామా ఒక ఆట సొంత మైదానంలో టెక్సస్ చేతిలో ఓడింది. అయితే చివరి శనివారం, వరసగా 29 ఆటలు గెలిచి వచ్చిన జార్జియాను 27–24 తో పడగొట్టింది. నాలుగు స్థానాలు ప్రకటించారు: మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామా. పదమూడింటికి పదమూడు గెలిచిన జట్టుకు అయిదో స్థానం. పెద్ద సంఘంలో ఓటమి లేకుండా ఛాంపియన్ అయిన జట్టును నాలుగు జట్ల పద్ధతిలో వదిలేయడం అదే మొదటిసారి. క్వార్టర్‌బాక్ లేని ఆ జట్టు యిప్పుడు మునుపటి జట్టు కాదని కమిటీ వాదం.

దుకాణంలో టీవీ ముందు అందరం నిలబడ్డాం. తమ ఆటగాళ్లంతా ఒక హాల్లో కూచుని ఫలితం వింటుంటే వాళ్ల మొహాలు చూపించారు. కొందరు లేచి బయటికి నడిచారు. మరికొందరు కదలకుండా కూచున్నారు. ఏనుగు చొక్కా ఒక కేక వేసి, "1966 బాకీ తీరింది!" అన్నాడు.

అప్పుడు జరిగినదాన్ని నేను ఊహించలేదు. మాట్లాడింది నీలం స్వెట్టరావిడ. ఆవిడ జట్టు ప్రథమ స్థానంలో వుంది. ఆ నాలుగోవాడెవరైనా ఆవిడకు నష్టం లేదు. "యాభై యేళ్ల కింద మా కుర్రవాడి ఎముక విరిగిందని మమ్మల్ని ఇంట్లో కూచోబెట్టారు. ఇవాళ వీళ్లకు చేసిందీ అదే. విరిగిన కాలుకు ఓటు వెయ్యడం అప్పుడు తప్పయితే ఇప్పుడూ తప్పే" అంది. వెంటనే ఎర్రటోపీ అందుకున్నాడు. "2014 సంగతి మరిచిపోయారా? మా మొదటి క్వార్టర్‌బాక్ ఆటలు మొదలుకాకముందే గాయపడ్డాడు. రెండోవాడి చీలమండ మీ మిషిగన్ ఆటలో విరిగింది. మూడోవాడు కార్డేల్ జోన్స్ దిగి విస్కాన్సిన్‌ను 59–0 కొట్టాడు. నాలుగో స్థానం మాకిచ్చారు. ఈ ఏనుగును 42–35, ఆరెగన్‌ను 42–20 ఓడించి కప్పు తెచ్చాం. ఆ రోజు ‘మూడోవాడితో ఏం గెలుస్తారులే’ అని కమిటీ అనుకుని వుంటే?" 

నాలుగు నెలల్లో ఈ ఇద్దరూ ఒక్క మాట మీద వుండగా నేను చూడడం అదే మొదలు. ఆవిడ తన జట్టు గాయంనుంచీ, ఆయన తన జట్టు అదృష్టంనుంచీ నడిచి వచ్చి ఒకే చోట కలుసుకున్నారు.

"ప్రొఫెసర్, మీరేమంటారు?" అన్నారు ముగ్గురూ.

నేను ఇంటర్మీడియట్ జవాబు పత్రాలు దిద్దడానికి ఏటా స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లేవాణ్ణి. మొదటి ఏడు మా చీఫ్ ఎగ్జామినర్ చెప్పిన మాట ఒక్కటే: రాసినదానికి మార్కులు వెయ్యండి, రాయగలడని మీరనుకున్నదానికి వెయ్యకండి. మధ్యలో దస్తూరీ మారి వంకరపోయినా సరే, చెయ్యి నొప్పి పెట్టి వుంటుంది పాపం అనుకుని, లెక్క సరిపోతే మార్కు పడాలి. ఆ మాటే వాళ్లకు చెప్పాను. పదమూడు లెక్కలిచ్చి పదమూడూ చేసిన కుర్రవాడితో, పధ్నాలుగోది నువ్వు చెయ్యలేవని మాకు అనుమానంగా వుంది, బయటికి వెళ్లమంటే, వాడు మిగతా పదమూడూ ఎందుకు చేసినట్టు?

ఇంకొక సంగతి వాళ్లకు చెప్పలేదు, మీకు చెబుతాను. చాలాకాలం కింద మా కాలేజీలో ఒక రైతు కొడుకు వుండేవాడు. ఇంజనీరింగు సీట్ల జాబితా అతని ముందున్న పేరుతో ఆగిపోయింది. ఫలితాలు చూసుకుని తిన్నగా మా యింటికి వచ్చాడు. ఏడవలేదు. అరుగుమీద కూచుని, "నేనేం తక్కువ చేశాను, మాష్టారూ?" అని అడిగాడు. ఏం తక్కువ చెయ్యలేదు. ఎక్కడో ఒక గీత గీయాలి, ఆ గీత అతని ముందు పడింది. అతను తరువాత మరో దారిలో చక్కగానే స్థిరపడ్డాడు. అయినా టీవీలో ఆ ఫ్లారిడా కుర్రవాళ్ల మొహాలు చూసినప్పుడు మా అరుగే గుర్తుకొచ్చింది. తన కాలు ఇంకాస్త ముందుగా విరిగివుంటే బాగుండేది, తను లేకపోయినా జట్టు ఎంత గట్టిదో అందరికీ చూపించే వ్యవధి వుండేది అని జోర్డన్ ట్రావిస్ ఆ రోజు ప్రకటించాడు. అటువంటి కోరిక కోరుకునే స్థితికి ఒక కుర్రవాణ్ణి తెచ్చిన పద్ధతిలో ఎక్కడో లోపం వుందని నా అభిప్రాయం.

ఏనుగు చొక్కా వాదాన్ని కూడా చెప్పకపోతే న్యాయం కాదు. "మీరు జరిగిపోయిన పరీక్షకు మార్కులు వేస్తున్నారు ప్రొఫెసర్. కమిటీ రేపటి యుద్ధానికి సైన్యాన్ని ఏరుతోంది. సేనాపతి మంచం పట్టిన సైన్యాన్ని ఎవరు పంపుతారు?" అన్నాడు. తరువాత ఆరెంజ్ బౌల్ ఆటలో ఫ్లారిడా స్టేట్ జార్జియా చేతిలో 63–3 గా చిత్తయినప్పుడు ఆ అంకెలు కాగితం మీద రాసి బల్లమీద పెట్టాడు. మనసు విరిగి, ముందు భవిష్యత్తు చూసుకోవాలని ఆ జట్టులో పెద్ద ఆటగాళ్లు చాలామంది ఆ ఆట ఆడనే లేదని ఎర్రటోపీ కింద రాశాడు. సెమీఫైనల్లో అలబామా మిషిగన్‌తో అదనపు సమయందాకా పోరాడి 27–20 తో ఓడింది. ఫైనల్లో వాషింగ్టన్‌ను మిషిగన్ 34–13 కొట్టి కప్పు తీసుకుంది. నాలుగోవాడు బలహీనుడేమీ కాదని అతనన్నాడు. నిజమే. బలం వున్నవాడూ, హక్కు వున్నవాడూ ఒకడే కాకపోవడంలోనే వుంది చిక్కంతా.

ఆ చలికాలమంతా మరమ్మతు పథకాలే. 2024 నుంచి నాలుగు బదులు పన్నెండు జట్లని అప్పటికే తేలిపోయింది. ఏనుగు చొక్కా పదహారు కావాలన్నాడు. నీలం స్వెట్టరావిడ ప్రతి సంఘంలోనూ గెలిచినవాణ్ణే తీసుకోవాలి, ఓట్లే వద్దంది. ఎర్రటోపీకి పెంచడమే యిష్టం లేదు. "మిషిగన్‌తో ఓడితే యేడంతా పోయినట్టే అని భయపడి ఆడతాం. ఓడినా పన్నెండులో వుంటాంలే అనుకుంటే ఆ శనివారానికి విలువేముంది?" అన్నాడు. ముగ్గురి పథకాల్లోనూ ఆయనదే నాకు నచ్చింది. ఎందుకంటే దానివల్ల ఆయనకేమీ లాభం లేదు.

ఫిబ్రవరిలో మేము వచ్చేశాం. తరువాతి సంగతులు మా అబ్బాయి ఫోనులో చెప్పాడు. 2024 నవంబరు 30 న ఓహయో స్టేట్ సొంత మైదానంలోనే మిషిగన్ చేతిలో 13–10 తో ఓడింది. పాత పద్ధతి అయితే అక్కడితో సరి. పన్నెండు జట్ల పద్ధతి గనుక ఎనిమిదో స్థానంలో లోపలికి వచ్చి, వరసగా నాలుగు ఆటలు గెలిచి, 2025 జనవరి 20 న నోటర్ డేమ్‌ను 34–23 తో ఓడించి జాతీయ విజేత అయింది. ఎర్రటోపీని అభిప్రాయం అడిగితే, "కప్పు బాగానే వుంది. ఆ శనివారం మాత్రం మళ్లీ రాదు" అన్నాడట. ఆ యేడు గీత బయట మొట్టమొదట నిలబడినవాడెవరంటారా? అలబామా. ఏనుగు చొక్కా రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. మూడోనాడు వచ్చి, "మూడు ఆటలు ఓడాం, నిజమే. కాని..." అని మొదలుపెట్టాడట. 2025 డిసెంబరులో ఆ వంతు నోటర్ డేమ్‌కు వచ్చింది. వాళ్లు అలిగి, మరే బౌల్ ఆటా ఆడమని వెళ్లిపోయారు.

నాలుగు పన్నెండయినా, పన్నెండు రేపు మరెంతయినా, ఆఖరి అంకె పక్కన ఒకడు నిలబడే వుంటాడు. లెక్కల్లో దానికి పరిష్కారం లేదు. మనుషుల్లో మాత్రం కొంత వుంది. తన జట్టు లోపల వుండి కూడా బయటివాడి తరఫున మాట్లాడే మనిషి ఒక్కరుంటే చాలు, ఆ ర్యాంకుల పట్టిక కొంచెం మర్యాదగా కనిపిస్తుంది. ఇకమీద మీ యింట్లో పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున, పేపర్లో ఫోటో పడ్డ పిల్లవాడికి మిఠాయి పంపండి, తప్పకుండా. పంపాక, ఆ పక్కింట్లో ఒక్క మార్కుతో ఆగిపోయిన పిల్లవాడుంటే, వాడి దగ్గరకు కూడా వెళ్లి కాసేపు కూచోండి.